చాయ్ హోటల్ ఎవరిది?

పొద్దున ఆరు గంటలకు పద్మారావు నగర్‌లో చాయ్ బండి దగ్గర నలుగురు నిలబడి ఉంటారు. కూలికి పోయేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, పాల ప్యాకెట్లు వేసేవాళ్లు. పక్కనే గాంధీ ఆసుపత్రి ఉంది. రోగికి తోడుగా రాత్రంతా మేలుకున్నవాళ్లు కూడా వస్తారు. చేతిలో డబ్బులు తక్కువైతే 'వన్ బై టూ' అంటారు. అంటే ఒక చాయ్ ఇద్దరికి.

అక్కలారా, చాయ్ మన పాత అలవాటు కాదు. వెనకటికి మన ఇళ్లలో పొద్దున అంబలి, గంజి తాగేవారు. ఇంగ్లీషువాళ్లు 1830ల నుంచి అస్సాంలో తేయాకు తోటలు పెంచారు. ఆ ఆకును ఓడల్లో తమ దేశానికి పంపేవారు. తరువాత కంపెనీలవాళ్లు ఊళ్లు తిరిగి, ఊరికే కాచి పోసి, మనకు అలవాటు చేశారు. చాయ్, టీ అనే మాటలు రెండూ చైనా నుంచి వచ్చినవే. పుస్తకాల్లో 'తేనీరు' అని రాస్తారు. హోటల్‌లో తేనీరు ఇవ్వమని అడిగి చూడండి, నవ్వుతారు!

మన జంట నగరాల్లో పేరుపడింది ఇరానీ చాయ్. ఇరాన్ దేశం నుంచి బొంబాయి, పూనా మీదుగా వచ్చినవాళ్లు ఇక్కడ హోటళ్లు పెట్టారు. డికాక్షన్‌ను మూత పెట్టి సన్నని మంట మీద ఉంచుతారు. పాలు వేరే గిన్నెలో చిక్కగా కాస్తారు. రెండూ కప్పులో కలుపుతారు. పక్కన ఉస్మానియా బిస్కెట్.

అక్కడ చాయ్ కన్నా మాట ముఖ్యం. ఒక పేపరును నాలుగు ముక్కలు చేసి నలుగురు చదువుతారు. ఒకరు పైకి చదివితే చదువురానివాళ్లు వింటారు. ఎక్కడ పని దొరుకుతుందో, ఎక్కడ ఇల్లు ఖాళీగా ఉందో అక్కడే తెలుస్తుంది. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ మనకు దగ్గరే. అక్కడ క్లాసు అయిపోతే విద్యార్థులు చాయ్ దగ్గర చేరతారు. పరీక్షలు, ఉద్యోగాలు, రాజకీయాలు అన్నీ మాట్లాడుకుంటారు.

మరి మనం? తోటలో ఆకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇంట్లో కాచేదీ ఆడవాళ్లే. హోటల్‌లో కూర్చుని తాగేది మాత్రం ఎక్కువగా మగవాళ్లు. కొన్ని ఇరానీ హోటళ్లలో ఆడవాళ్ల కోసం 'ఫ్యామిలీ రూమ్' ఉండేది. ఆ మాటలు కూడా అక్కడ వినపడవు!

మన సెంటర్‌లో ఇదే అడిగాను. "ఇంట్ల కాచుకుంటం గద టీచరమ్మా, హోటల్‌కు ఎందుకు?" అన్నారు చాలామంది. ఒక అక్క మాత్రం ఇలా అంది: "నాలుగిండ్ల పని చేసి వస్తుంటే కాళ్లు గుంజుతయి. ఐదు నిమిషాలు కూసోవాలనిపిస్తది. అందరు చూస్తరని నిలబడే తాగి వస్త."

ఆమె కూర్చోకూడదని ఏ చట్టంలోనూ లేదు. 1950 జనవరి 26న మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అందులో 15వ అధికరణం చూడండి. పెద్ద మాట, కూడబలుక్కుని చదవండి: అ-ధి-క-ర-ణం. అంటే రాజ్యాంగంలో ఒక నియమం. ఆడవాళ్లని గానీ, ఫలానా కులమని, మతమని గానీ ఎవరినీ దుకాణానికి, హోటల్‌కు రావద్దని అనకూడదని అందులో ఉంది.

కులం మాట ఊరికే రాయలేదు. మన పల్లెల్లో కొన్ని చాయ్ హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టేవారు. తాగినవాళ్లే దాన్ని కడిగి పెట్టాలి. దీన్నే రెండు గ్లాసుల పద్ధతి అన్నారు. అంటరానితనం పాటిస్తే శిక్ష వేసే చట్టం 1955లోనే వచ్చింది. ఆ తరువాత కూడా రెండు గ్లాసులు చాలా ఏళ్లు పోలేదు. నిలదీసి అడిగినచోట పోయాయి.

ఇప్పుడు కాలేజీ ఆడపిల్లలు హోటళ్లలో కూర్చుంటున్నారు. గొణిగేవాళ్లు గొణుగుతూనే ఉన్నారు.

ఈ వారం పని: ముగ్గురు నలుగురు కలిసి దగ్గరి హోటల్‌కు వెళ్లండి. కుర్చీలో కూర్చోండి. బోర్డు మీద చాయ్ ధర చదవండి. బిల్లు సరిగా ఉందో లేదో లెక్క చూడండి. పేపరు ఉంటే అడిగి తీసుకుని ఒక వార్త పైకి చదవండి. అక్కడ విన్న మాటలు మూడు వాక్యాల్లో రాసి తీసుకురండి.