పాత బ్యాక్‌హో: రంగు చూసి ధర కట్టరాదు

చిన్న ట్రాక్టర్లకు వెనుక తగిలించే తవ్వకపు యంత్రం బ్యాక్‌హో. పాత సరుకు కొనే వర్తకులు ముందుగా చూడవలసినవి పిన్నులు, బుష్‌లు. బకెట్‌ను నేల మీంచి కాస్త లేపి, ఇంజను ఆపి, పక్కలకు ఊపాలి. కీళ్లలో లూజు కనిపిస్తే గ్రీజు సరిగా పెట్టలేదన్నమాట. బుష్ అరిగితే మార్చవచ్చు. రంధ్రమే కోలగా సాగితే వెల్డింగు చేసి తిరిగి బోరింగు చేయించాలి. ఆ ఖర్చు చాలా ఎక్కువ.

రెండవది బిగింపు. చాలా ట్రాక్టర్లలో ఇంజను, గేరుబాక్సు, వెనుక ఇరుసు పెట్టెలే ఒకదానికొకటి బిగిసి చట్రంగా పనిచేస్తాయి. కేవలం మూడు లింకులకు తగిలించిన బ్యాక్‌హో తవ్వకపు ఒత్తిడిని ఈ పోత ఇనుప పెట్టెల మీదికే తోస్తుంది. అవి పగిలే ప్రమాదముంది. ముందుదాకా సాగే సబ్‌ఫ్రేము ఉంటే ఆ భారం పంచుకుంటుంది. కనుక పెట్టెల అతుకుల వద్ద చమురు చెమ్మ, బూమ్ మీద కొత్త వెల్డింగు గమనించాలి.

మూడవది హైడ్రాలిక్. ఆయిలు పాలరంగుకు తిరిగితే నీరు చేరినట్లే. సిలిండరు రాడ్డు మీద గీతలుంటే కొత్త సీలు కూడా నిలవదు.

లోపాలు రాసుకుని, మరమ్మతు ఖర్చు మినహాయించి బేరం కుదుర్చుకోవడం ఉభయులకూ క్షేమం.