బ్యాటరీ పంపు చెడేది పొలంలో కాదు

అబ్బయ్యా,

మందు కొట్టడానికి కొత్తగా కొన్న బ్యాటరీ పంపును ఎలా చూసుకోవాలో రాయమన్నావు. పంపుతోపాటు వచ్చిన చిన్న పుస్తకంలో చేయాల్సినవీ చేయకూడనివీ వరసగా ఉంటాయి, వాటిని మళ్ళీ ఏకరువు పెట్టను. వాటన్నిటికీ మూలమైన సంగతి ఒక్కటే చెబుతాను. మందు కొట్టేటప్పుడు పంపు అరుగుతుంది గానీ చెడిపోదు. అది చెడేది కొట్టడం అయ్యాక మొదటి అరగంటలో, ఆ తర్వాత పైరు లేని నెలల్లో మూలన పడి ఉన్నప్పుడు. రోజూ వాడే పంపు నాలుగేళ్ళు నడవడం, ఏడాదికి పదిసార్లు వాడినది రెండో ఏడే మొరాయించడం వింతగా తోచవచ్చు. లోపల జరిగేది తెలిస్తే అందులో వింతేమీ లేదు.

ముందు బ్యాటరీ. 16 లీటర్ల పంపుల్లో చాలావాటికి అడుగున 12 వోల్టుల సీసం బ్యాటరీ ఉంటుంది. 1859లో ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంటే తయారుచేసిన బ్యాటరీకి ఇది మునిమనవడు. పెట్టె మారింది, సీలు వచ్చింది, లోపలి రసాయనం మాత్రం అదే. ఛార్జింగు దిగేకొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే ఛార్జింగు పెడితే అది తిరిగి మామూలు స్థితికి వస్తుంది. వారాలు గడిస్తే గట్టి స్ఫటికాలుగా బిగుసుకుంటుంది, ఆపైన ఛార్జరు రాత్రంతా పెట్టినా కదలదు, పలకలో అంతమేర చచ్చినట్టే. పైగా ఏ పనీ చేయకపోయినా బ్యాటరీ దానంతట అదే కొంచెం కొంచెంగా దిగుతూ ఉంటుంది, వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ దిగుడు సుమారు రెట్టింపవుతుంది. మన నెల్లూరు జిల్లాలో పెద్ద పంట ఈశాన్య రుతుపవనాల వానలతో అక్టోబరులో మొదలై మార్చి, ఏప్రిల్ నెలలకు కోతకొస్తుంది. ఆ తర్వాత వేసే ఎడగారు పంటకు నీళ్ళు రాని ఏడు పంపుకు పనే ఉండదు. ఆఖరి తడవ మందు కొట్టి, సగం ఛార్జింగుతో రేకుల కొట్టంలో పడేసిన పంపు రోహిణి కార్తె ఎండలన్నీ అక్కడే భరిస్తుంది. అందుకే కొట్టిన రోజు రాత్రే ఛార్జింగు పెట్టు. ఖాళీ నెలల్లో నెలకోసారి మరిచిపోకుండా పెట్టు. ఛార్జరు తీసిన కొన్ని గంటలకు మల్టీమీటరు 12.7 వోల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే ఉన్నట్టు. పనిలో ఉన్నప్పుడు 10.5 దాకా దించవద్దు. నీ పంపులో ఉన్నది లిథియం బ్యాటరీ అయితే లెక్క తిరగబడుతుంది. దాన్ని నెలల తరబడి నిండు ఛార్జింగుతో ఉంచకూడదు, సుమారు సగం ఛార్జింగుతో చల్లటి చోట పెట్టాలి. పెట్టె మీద ఏ రకమో చదువు, ఒకదాని ఛార్జరు ఇంకోదానికి తగిలించకు.

ఇక నీళ్ళు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ చాలా బోర్లలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళు పంపులో పారుతున్నంతసేపూ పెద్ద హాని చేయవు. ఆరినప్పుడే ఉప్పూ సున్నమూ రవ్వలుగా మిగిలి, లోపలి రబ్బరు వాల్వుల కింద కూర్చుంటాయి. వాల్వు పూర్తిగా మూసుకోక ఒత్తిడి నిలవదు. గన్ను మూసినా మోటారు పూర్తిగా ఆగిపోక టకటకమని ఆగి ఆగి కొట్టుకుంటోందంటే ఎక్కడో కారుతోందనో, వాల్వులో చెత్త ఉందనో అనుకోవాలి. నీళ్ళలో కలిపే పొడి మందులు మిగిల్చే మడ్డి చేసేదీ ఇదే. కలుపు మందు సంగతి ఇంకా కష్టం. వరిలో 2,4-డి కొట్టిన పంపును సరిగా కడగకుండా మినుముకో వేరుశనగకో తీసుకెళ్తే గొట్టంలో మిగిలిన కొద్దిపాటి మందే వెడల్పాకు పైరు ఆకుల్ని మెలితిప్పేస్తుంది. ట్యాంకు కడిగి గొట్టాన్ని వదిలేస్తే కడిగినట్టు కాదు. మంచినీళ్ళు కొద్దికొద్దిగా పోసి మూడుసార్లు కుదిపి, ప్రతిసారీ మోటారు వేసి గన్ను ద్వారానే బయటికి కొట్టాలి. కలుపు మందైతే వాషింగ్ సోడా నీళ్ళు రాత్రంతా ఉంచి, పొద్దున మళ్ళీ కడగాలి. వీలుంటే కలుపు మందుకు వేరే పంపు పెట్టుకోవడమే మేలు. చివరగా ఛార్జింగు పెట్టే రంధ్రాన్ని పొడిగుడ్డతో తుడిచి రబ్బరు మూత పెట్టు, ఉప్పుగాలికి చిలుము మొదట పట్టేది అక్కడే.

పంపు బాగుందో లేదో చెవితోనూ కంటితోనూ తేల్చుకోలేవు, కొలవాలి. నాజిల్ రంధ్రం 1 మిల్లీమీటరు ఉందనుకో. అది సన్నటి వెంట్రుక మందమంత, అంటే 0.05 మిల్లీమీటర్లు, అరిగి వెడల్పయితే వైశాల్యం సుమారు 10 శాతం పెరుగుతుంది, మందూ అంత ఎక్కువగా పోతుంది. నాజిల్ మార్చాల్సిన హద్దు కూడా అదే. అందుకే మూసుకుపోయిన నాజిల్‌ను ముల్లుతోనో పిన్నీసుతోనో పొడవకూడదు, నోటితో అసలు ఊదకూడదు. బిళ్ళ విప్పి, నీళ్ళలో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్దితే చాలు. కొత్త నాజిల్, నిండు ఛార్జింగు ఉన్నప్పుడు ఒక్క నిమిషం కొలజగ్గులోకి కొట్టి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయో ట్యాంకు మీద మార్కరుతో రాసుకో. తర్వాత ఎప్పుడు కొలిచినా ఆ అంకె పెరిగితే నాజిల్ అరిగిందని, తగ్గితే జల్లెడ మూసుకుపోయిందనో వాల్వులో మడ్డి ఉందనో బ్యాటరీ నీరసించిందనో అర్థం.

బ్యాటరీ పోతే కొత్తది వేసుకుంటాం, ఇంత చాకిరీ దేనికని నువ్వడగవచ్చు. అది ఒక్కసారిగా పోతే ఆ మాట సరే. కానీ బ్యాటరీ చచ్చేముందు కొన్ని వారాలు నీరసపడుతుంది. ధార 20 శాతం తగ్గిందంటే ఒత్తిడి మూడో వంతుకు పైగా తగ్గినట్టే, అప్పుడు తుంపర లావవుతుంది. వరిలో సుడిదోమ ఉండేది దుబ్బు మొదట్లో. అందుకే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీసి, మొదళ్ళు తడిసేలా కొట్టమంటారు. నీరసించిన పంపుతో మందు పైఆకుల మీదే ఆగిపోతే దోమ బతుకుతుంది, మందు పనిచేయలేదనుకుని నువ్వు రెండో తడవకు అంగడికి వెళ్తావు. ఆ ఖర్చు బ్యాటరీ ధరలో కనిపించదు. అలిసిపోయి ఇంటికొచ్చాక కడిగే ఓపిక ఎక్కడిదని కూడా అంటావు. నిజమే, ఎకరానికి 200 లీటర్ల లెక్కన 16 లీటర్ల పంపుతో పన్నెండు పదమూడు ట్యాంకులు మోసినవాడికి ఓపిక ఉండదు. కాబట్టి ఆ పనిని ఇంటిదాకా తేవద్దు. పొద్దున పొలానికి పోయేటప్పుడే ఒక క్యాను మంచినీళ్ళు గట్టు మీద పెట్టుకో, ఆఖరి ట్యాంకు అయిన చోటే పది నిమిషాల్లో కడిగెయ్. డ్రోన్లు వస్తున్నాయిగా, 2023లో కేంద్రం 15,000 మహిళా సంఘాలకు ఇస్తామంది కదా అంటే, డ్రోనుకూ బ్యాటరీ, నాజిలే ఉంటాయి, ఈ చాకిరీ దానికీ తప్పదు.

గట్టు మీదే కడగమనడానికి మన ఊళ్ళకే చెందిన కారణం ఇంకొకటి ఉంది. మన తీరంలో వరికయ్యకూ రొయ్యల గుంటకూ మధ్య చాలాచోట్ల ఒక్క కాలవే అడ్డం. రొయ్య పురుగులకు దగ్గరి చుట్టం. దోమను చంపే మందు చాలావరకు రొయ్యనూ చంపుతుంది, పైరెత్రాయిడ్ మందులైతే నీళ్ళలో అతి కొద్దిగా కలిసినా చాలు. కడిగిన నీళ్ళను కాలవలో పారబోస్తే నీ పంపు శుభ్రమై పక్కవాడి గుంట మునుగుతుంది. ఆ నీళ్ళు మందు కొట్టిన కయ్యలోనే, పలచగా పడేలా కొట్టెయ్.

ఆఖరి తడవ అయ్యాక ఛార్జింగు పెట్టిన తేదీని గోడ క్యాలెండరు మీద రాయి, మళ్ళీ నారుమళ్ళు పోసేదాకా నెలనెలా రాస్తూ ఉండు. అక్టోబరులో పంపు దించగానే మందు కలపకముందు ఒక్క నిమిషం మంచినీళ్ళు కొలిచి, ట్యాంకు మీద రాసిన అంకెతో పోల్చి, నాకు ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న