సొంతవారి ముందు సత్యసాక్ష్యం

పరాయివాడు చేసిన అన్యాయాన్ని ఎండగట్టడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. మనవాడే చేసినప్పుడు నోరు పెగలదు. అందుకే దివ్యఖుర్ఆన్ అన్నిసా సూరా 135వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను న్యాయం మీద గట్టిగా నిలవమన్నాడు. సాక్ష్యం మనకే, మన తల్లిదండ్రులకే, బంధువులకే ఎదురైనా దాచవద్దన్నాడు. అల్‌మాయిదా సూరా 8వ ఆయతు ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చెబుతుంది: ఇతరుల మీది ద్వేషం మన చేత న్యాయం తప్పించకూడదు.

ఈ గడ్డ మీద ఈ పరీక్షను ఎదుర్కొన్నవాడు షోయబుల్లాఖాన్. మహబూబాబాద్ ప్రాంతంలో 1920లో పుట్టాడు. హైదరాబాదులో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక నడిపాడు. రజాకార్ల దౌర్జన్యాలను, అదీ తన మతం పేరు చెప్పుకుని చేస్తున్నవాటిని, అదే ఉర్దూలో ఖండించాడు. బెదిరింపులు వచ్చినా కలం ఆపలేదు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి కాచిగూడలోని కార్యాలయం నుంచి ఇంటికి వెళుతుండగా కాల్చి, రాసే చేతిని నరికారు. అప్పటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు. నెల తిరగకముందే, సెప్టెంబరులో, నిజాం పాలన ముగిసింది. ఆ తర్వాత ఎందరో అమాయక ముస్లింలు హింసకు బలయ్యారు. అదీ అన్యాయమే. ఒకదాన్ని తలచుకుని రెండోదాన్ని మరచిపోయేవారికి పై రెండు ఆయతులూ ఒప్పవు.

ఇంత నిబ్బరం ఒక్కరోజులో రాదు. ఉపాధి, మరణం అల్లాహ్ చేతిలోనే ఉన్నాయని రోజూ ఐదు పూటలా సజ్దాలో తలచుకునేవాడికి మనుషుల భయం కొంచెం కొంచెంగా తగ్గుతుంది. దౌర్జన్యపరుడైన సోదరుడికి సాయం చేయడమంటే అతని చేయి పట్టి ఆపడమేనని దైవప్రవక్త (స) బోధించారు. అంటే ఆపేవాడు శత్రువు కాడు, శ్రేయోభిలాషి. మనం తరచూ మరచిపోయేది ఇదే.

చీడికాడ లాంటి ఊళ్ళో పొద్దున లేస్తే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సిందే. అక్కడ తుపాకులు ఉండవు, మొహమాటం ఉంటుంది. తండ్రి పొలంలో అక్కచెల్లెళ్ళకు రావలసిన విరాసత్ వాటాను అన్న కలిపేసుకుంటే, "పెళ్ళి చేశాం కదా" అన్న మాటతో అందరం సర్దుకుపోతాం. ఆ వాటాను నిర్ణయించింది అల్లాహ్. ముందు ఆ అన్నతో ఒంటరిగా, పరువు తీయకుండా మాట్లాడాలి. వినకపోతే ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాలి, ఆయన మన మేనమామే అయినా సరే.