తండ్రి నిగ్రహము – బిడ్డకు ధైర్యము

ఎల్.బి. నగర్ సమీపమున కర్మన్‌ఘాట్‌లో ధ్యానాంజనేయస్వామి కొలువై యున్నాడు. కాకతీయుల కాలమునాటిదని చెప్పబడు ఆ ఆలయముపై దండెత్తివచ్చిన మొగలు చక్రవర్తికి “కర్ మన్ ఘట్”, అనగా “మనస్సును గట్టిపరచుకొనుము” అను వాణి వినబడెననియు, ఆ మాటయే ఊరిపేరయ్యెననియు పెద్దలు చెప్పుదురు.

మద్యవ్యసనమును విడిచి నిలదొక్కుకొనుచున్న గృహస్థునకు ఈ మాట నిత్యస్మరణీయము. అతడు గట్టిపరచవలసిన మనస్సులు రెండు: ఒకటి తనది, రెండవది తన బిడ్డది.

త్రాగుడుగల యింట బిడ్డ మొదట నేర్చునది భయము. తలుపు చప్పుడునుబట్టి తండ్రి స్థితిని ఊహించును. ఇంటి సంగతి ఎవరికిని చెప్పడు. “ఇదంతయు నా వలననే” అని లోలోపల క్రుంగును. తండ్రి త్రాగుట మానిన నాడే ఈ భయము పోదు.

శ్రీమద్భాగవత సప్తమస్కంధము ఇందుకు దారి చూపుచున్నది. హిరణ్యకశిపుడు ఐశ్వర్యముచేతనే గాక మధుపానముచేతను మత్తుడై యుండెనని అందు కలదు. అట్టి తండ్రికి పుట్టియు ప్రహ్లాదుడు చలింపలేదు. ఏలయన, అతడు గర్భమున నున్నపుడే నారదమహర్షి తల్లిని తన ఆశ్రమమున కాపాడి ధర్మము బోధించెను. ఇంటి వెలుపల ఒక పెద్దదిక్కు దొరకెను. తుదకు నృసింహుడు వరమడుగుమనగా, ఆ బాలుడు తండ్రి పాపవిమోచనమునే కోరెను. ద్వేషము లేని ధైర్యమే ధైర్యము.

నేటి శాస్త్రమును ఇట్లే పలుకుచున్నది. పసిఫిక్ సముద్రమందలి కవాయ్ ద్వీపమున 1955లో జన్మించిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అను పరిశోధకులు దశాబ్దములపాటు గమనించిరి. పేదరికము, కలహము, తల్లిదండ్రుల త్రాగుడు వంటి పెక్కు కష్టముల నడుమ పెరిగినవారిలోను సుమారు మూడవవంతుమంది స్థిరచిత్తులై ఎదిగిరి. నమ్మదగిన పెద్ద ఒక్కరైనను తోడుండుట వారికి గొప్ప ఆధారమయ్యెను. కావున అమ్మమ్మనుగాని, తాతనుగాని, గురువునుగాని బిడ్డకు దూరము చేయరాదు.

ఇక తల్లిదండ్రులు పాటింపవలసినవి మూడు. మొదటిది సత్యము. “నాకొక వ్యాధి వచ్చినది, అది నీ వలన రాలేదు, దానిని మాన్పు భారము నీది కాదు, చికిత్స పొందుచున్నాను” అని బిడ్డ వయస్సుకు తగినట్లు చెప్పవలెను. రెండవది, చిన్నమాటను నిలుపుకొనుట. “జన్మలో ముట్టను” అని దేవునిపై ఒట్టు పెట్టుటకంటె, చెప్పిన వేళకు వచ్చి దీపము ముందు బిడ్డ ప్రక్కన కూర్చుండుట మేలు. దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో దుకాణము మూసి వచ్చువానికి ఇది సులభము కాదు. అందుకే దానికి విలువ. మనోనిగ్రహమునకు అభ్యాసవైరాగ్యములే సాధనములని గీతాచార్యుని ఉపదేశము. బిడ్డ నమ్మకమును అభ్యాసము వలననే కుదురును. మూడవది, వినుట. బిడ్డ పాత గాయమును తలచినపుడు “మానితిని గదా!” అని నోరు మూయింపరాదు.

మరల అడుగు తప్పినచో దాచక వైద్యుని చేరవలెను. మిక్కిలి త్రాగువారు వైద్యసహాయము లేక హఠాత్తుగా మానుటయు ప్రమాదమే. ఎల్.బి. నగర్‌లో ఎక్కిన మెట్రో రైలు దిల్‌సుఖ్‌నగర్ మీదుగా నేరుగా ఎర్రగడ్డకు పోవును. అచట ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు. మ్రొక్కు వైద్యమునకు తోడేగాని బదులు కాదు.

ఒకనాడు భయపెట్టిన చేయి అభయహస్తమగుటకు కాలము పట్టును. ఆ ఓర్పును శ్రీమన్నారాయణుడు తల్లిదండ్రులకు, బిడ్డలకు ప్రసాదించుగాక!