పనుల చీటీ రాస్తున్నాం, పనులు తీరడం లేదు!
(పాఠకుల సందేహాలు - సమాధానాలు)

పోయిన నెల ఈ శీర్షికలో ఒక మాట అడిగాను: మీరు రోజూ రాసుకునే పనుల చీటీ ఉన్నది ఉన్నట్టు పంపండి, దిద్ది రాయకండి అని. ఉప్పల్, నాచారం, పీర్జాదిగూడ వైపు నుంచే ఎక్కువ వచ్చాయి. కరెంటు బిల్లు వెనక రాసినవి ఉన్నాయి, పిల్లల రఫ్ నోట్సులోంచి చించినవి ఉన్నాయి. అన్నీ చదివాను. ఎక్కువమందికి పనికొచ్చే ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాది పీర్జాదిగూడ బుద్ధానగర్. రాయదుర్గం దగ్గర ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. స్కూటీ మీద ఉప్పల్ దాకా వచ్చి మెట్రో ఎక్కుతాను. ఇద్దరు పిల్లలు, అత్తయ్య కూడా మాతోనే ఉంటారు. ఆదివారం రాత్రి కూర్చుని వారం పనులన్నీ రాస్తాను. ఇరవై మూడు రాస్తే శనివారానికి ఏడో ఎనిమిదో అవుతాయి. ఇప్పుడు చీటీ చూస్తేనే గుండె దడగా ఉంటోంది. నాకు క్రమశిక్షణ లేదంటారా?

జవాబు: అమ్మా, మీ చీటీ నాలుగుసార్లు చదివాను. క్రమశిక్షణ లేని మనిషి ఆదివారం రాత్రి కూర్చుని ఇరవై మూడు పనులు రాయదు. లోపం రాతలో ఉంది, దాన్ని సరిచేసుకోవచ్చు.

మూడో వరుసలో ‘అత్తయ్య మందులు’ అని ఉంది. ఏడో వరుసలో ‘ఇంటి పన్ను’. తర్వాత ‘పాప లెక్కలు’, ‘బరువు తగ్గాలి’, అన్నిటికంటే కింద ‘ప్లాటు విషయం’. ఆ చివరిదాన్ని చూడండి. ప్లాటు అమ్మాలా, కొలిపించాలా, కాగితాలు తీయించాలా? అది మీ మనసులోనే ఇంకా తేలలేదు. అందుకే ఆ వరుస దగ్గరికి రాగానే చూపు పక్కకు జారిపోతుంది. వారం తర్వాత వారం అదే వరుస కొత్త చీటీలోకి ఎక్కుతుంది.

నేను నాచారం పారిశ్రామికవాడలో చాలా ఏళ్లు ప్రొడక్షన్ ప్లానింగ్ చూశాను. అక్కడ ప్రతి పనికీ ఒక జాబ్ కార్డు ఉండేది. ఏం చేయాలి, ఏ మెషిను మీద, ఎవరు, ఎప్పటికి అన్న నాలుగు గళ్లూ నిండితే తప్ప కార్డు షాప్ ఫ్లోర్‌కి వెళ్లేది కాదు. ఒకసారి మనిషి పేరు గడి ఖాళీగా ఉన్న కార్డును నేనే తొందరలో పంపేశాను. రెండు షిఫ్టులవాళ్లూ అవతలి షిఫ్టువాళ్లు చేస్తారనుకున్నారు. సరుకు నాలుగు రోజులు అక్కడే కదలకుండా ఉంది. ఇంటి పనులకూ ఆ నాలుగు గళ్లు కావాలని నాకు అప్పుడు తెలిసింది.

మీ మూడో వరుసను అలా మార్చి రాస్తాను: ‘అత్తయ్య బీపీ మాత్రలు నెలకు సరిపడా నేను కొనాలి, గురువారం సాయంత్రం, ఉప్పల్‌లో మెట్రో దిగి స్కూటీ తీసేముందు.’ కాస్త పొడుగైంది, పరవాలేదు. గురువారం స్టేషన్ మెట్లు దిగుతుంటే ఆ పని దానంతటదే గుర్తొస్తుంది. మనసు పనిని చోటుతోనూ వేళతోనూ ముడిపెట్టుకుని గుర్తుంచుకుంటుంది.

ఇక లెక్క. ఇంటి నుంచి ఉప్పల్ దాకా వరంగల్ రోడ్డు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగాయి. ఆ పిల్లర్ల పక్కన పది నిమిషాల దారి ఏ రోజు అరగంట అవుతుందో ఎవరూ చెప్పలేరు. రానూపోనూ ప్రయాణం, ఆఫీసు, వంట, నిద్ర తీసేస్తే మామూలు రోజున మీ చేతిలో మిగిలేది గంట, మహా అయితే గంటన్నర. అందులో పట్టేవి రెండు పనులు, ఒక ఫోన్ కాల్. వారానికి పది పన్నెండు. ఇరవై మూడు రాసిన రోజే సగం మిగలడం ఖాయమైపోయింది.

ఇందులో మీరు ఒంటరి కారు. కెనడాలో పరిశోధకులు 1994లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, సిద్ధాంత వ్యాసం ఎన్నాళ్లలో పూర్తి చేస్తారని విద్యార్థులను అడిగారు. సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజుల పైనే. పనికి పట్టే సమయాన్ని తక్కువ అంచనా వేసుకోవడం మనిషి స్వభావంలోనే ఉంది. అందుకే అరగంట అనుకున్న పనికి ముప్పావుగంట రాయండి.

ఇంటి పన్నును వారం చీటీలోంచి తీసేయండి. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను కట్టేస్తే మన పట్టణాల్లో 5 శాతం తగ్గిస్తూ వస్తున్నారు. కాబట్టి దాని చోటు గోడ క్యాలెండర్‌లో ఏప్రిల్ పేజీ. బండి ఇన్సూరెన్సు, స్కూలు ఫీజు, గ్యాసు పైపు మార్చే తేదీ కూడా అక్కడికే. తేదీ ఉన్నవన్నీ క్యాలెండర్‌కి వెళ్తే మీ చీటీ సగం ఖాళీ అవుతుంది.

చివరగా ఒకటి, నొచ్చుకోకండి. ఇరవై మూడు వరుసల్లో మీవారి పేరు ఒక్కచోట కూడా లేదు. నాకు వచ్చిన చీటీల్లో ఆడవాళ్లు రాసినవాటిలో ఎక్కువ ఇలాగే ఉన్నాయి. ‘చెప్తే చేస్తారండీ’ అని రాశారు ఒకావిడ. చెప్పడం, మళ్లీ గుర్తుచేయడం, అయిందా అని చూడటం, ఇవీ పనులే కదమ్మా, అవి మీ నెత్తినే ఉన్నాయి. నల్లా వచ్చే రోజు నీళ్లు పట్టే పని ఆయనకు అప్పగిస్తే మొత్తం అప్పగించండి. నల్లా ఏ రోజు వస్తుందో తెలుసుకోవడం, లేవడం, మోటారు వేయడం, సంపు మూత పెట్టడం అన్నీ ఆయనవే. మొదటి రెండుసార్లు నీళ్లు తక్కువ పడతాయి. మీరు లేచి వెళ్లకండి.

ప్రశ్న: వయసు 28. మాది భువనగిరి దగ్గర పల్లె. బోడుప్పల్‌లో రూము తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాను. నాలుగేళ్లయింది. రోజుకు పద్నాలుగు గంటల టైమ్‌టేబుల్ వేసుకుంటాను, మూడో రోజుకే చెడిపోతుంది. గోడ మీద ‘గ్రూప్-1 కొట్టాలి’ అని పెద్దక్షరాలతో అంటించాను. ఈ మధ్య దాని వైపు చూడబుద్ధి కావడం లేదు.

జవాబు: బాబూ, ముందు ఆ కాగితం తీసేయి. మనసు పెట్టే రాస్తున్నాను ఈ మాట.

మీ తరం పడ్డది మామూలు కష్టం కాదు. 2022లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ పెట్టారు. ప్రశ్నపత్రం లీకవడంతో 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చాక జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్ రాశారు. ఒకే మెట్టును మూడుసార్లు ఎక్కాల్సి వచ్చింది. ఇందులో ఏ తేదీ నీ చేతిలో ఉంది? నీ చేతిలో లేనిదాన్ని గోడకు అంటించి రోజూ చూస్తే రోజూ ఓడిపోయినట్టే ఉంటుంది.

మనకు మజిలీ అని ఒక మంచి మాట ఉంది, ప్రయాణంలో ఒక్కో పూట ఆగే చోటు అని. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం, వెంట పెద్ద పరివారం. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తెరిచి చూడు. ఏ రోజు ఏ ఊరు చేరారు, అక్కడ నీళ్లున్నాయా, దినుసులు దొరుకుతాయా, బస ఎక్కడ, దారి ఎలాంటిది అన్నవే పుటల నిండా కనిపిస్తాయి. కాశీ ఎంత దూరమున్నా ఆ పొద్దు చూసుకోవాల్సింది ఆ పూట బసే. చిక్కడపల్లి లైబ్రరీలో వెతికితే ఆ పుస్తకం దొరకొచ్చు, వీలైతే చదువు.

నువ్వూ మూడు కాగితాలు పెట్టుకో. మొదటిది ఏడాదిది, దాన్ని పుస్తకంలో దాచెయ్, నెలకోసారి తీస్తే చాలు. రెండోది ఈ నెల మజిలీ. ‘పాలిటీ అయిపోవాలి’ అని రాయొద్దు. ‘మెయిన్స్ పద్ధతిలో 20 జవాబులు రాసి ఎవరికైనా చూపించాలి’ అని రాయి, లెక్క తేలుతుంది. మూడోది రేపటిది, మూడే వరుసలు. పద్నాలుగు గంటలు వద్దు, ఆరు గంటలు నిజంగా చదువు. ఏడో గంట వీలైతే అది లాభం కింద రాసుకో.

ఇంకొక మాట. 2024 నోటిఫికేషన్‌లో గ్రూప్-1 గరిష్ఠ వయసు 46. అవకాశంగా చూస్తే మంచిదే. కానీ దాని నీడన ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ పదేళ్లు గడిచిపోయినవాళ్లు అశోక్‌నగర్ గదుల్లో ఉన్నారు. అందుకని ఏడాది కాగితం మీద అడుగున ఒక తేదీ వేసుకో. ఆ రోజున ఇంటికెళ్లి నాన్నగారితో కూర్చుని కొనసాగాలా, ఉద్యోగంలో చేరి చదవాలా అని నిర్ణయించు. ఆ తేదీ వచ్చేదాకా ఆ ఆలోచన పెట్టుకోకు.

ప్రశ్న: రిటైరయి ఆరేళ్లయింది, హబ్సిగూడలో ఉంటాను. పగలు తీరికే. రాత్రి పడుకుంటే మాత్రం పెన్షన్ కాగితాలు, కంటి పరీక్ష, మోటారు రిపేరు, మనవరాలికి చెప్పాల్సిన మాట, అన్నీ ఒకటే తిరుగుతాయి. నిద్ర పట్టదు.

జవాబు: సార్, పూర్తికాని పని మనసును వదలదని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త 1927లోనే బెర్లిన్‌లో రాశారు. ఆ పని పూర్తి చేయకపోయినా, ఎప్పుడు ఎలా చేయాలో స్పష్టంగా రాసుకుంటే చాలు, ఆ పీడ తగ్గుతుందని 2011లో అమెరికాలో మరో ఇద్దరు చూపించారు. టెక్సాస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువతీయువకులను ల్యాబులో పడుకోబెట్టి చూశారు. పడుకునేముందు అయిదు నిమిషాలు రాబోయే కొద్ది రోజుల్లో చేయాల్సినవి రాసుకున్నవాళ్లు, అంతకుముందు కొద్ది రోజుల్లో చేసినవి రాసినవాళ్లకంటే సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. ఈ బేలర్ అధ్యయనం 2018లో వచ్చింది. మీ వయసువారిపై చేసింది కాదు, అయినా ఖర్చులేని పని, పదిరోజులు చేసి చూడండి. మంచం పక్కన పుస్తకం, పెన్ను పెట్టుకోండి, ఫోన్ వద్దు. లైఫ్ సర్టిఫికెట్ గురించి రాత్రుళ్లు బెంగ అక్కర్లేదు. అది మామూలుగా నవంబరులో ఇచ్చేది, క్యాలెండర్‌లో నవంబరు 3 దగ్గర రాసేయండి. మనవరాలికి చెప్పాల్సిన మాట మాత్రం రేపే చెప్పండి. నెల రోజులైనా నిద్ర కుదరకపోతే డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: నాచారంలో ఉంటాను, ప్రైవేటు ఉద్యోగం. ఫోన్‌లో పనుల యాప్‌లు నాలుగు మార్చాను. ఏది మంచిది?

జవాబు: నాలుగు యాప్‌లలోనూ చీటీ రాసింది మీరే కదా, అయిదోదానిలోనూ మీరే రాస్తారు. మోగాల్సినవి, అంటే మందులు, బిల్లులు, అపాయింట్‌మెంట్లు ఫోన్‌లో పెట్టుకోండి. ఆలోచించి ఎంచుకోవాల్సిన మూడు పనులు కాగితం మీద రాయండి. మూడు నెలలు ఏదీ మార్చకండి.

ప్రశ్న: మాది మల్లాపూర్. 1999లో ఇంటర్ పాసయ్యాను, అదే ఏడాది పెళ్లి. ఇప్పుడు 44. పిల్లలు పెద్దయ్యారు. డిగ్రీ చేయాలని ప్రతి ఉగాదికీ డైరీలో రాస్తున్నాను. పదేళ్ల డైరీల్లో ఉంది. ఇంట్లో చెప్పాలంటే నవ్వుతారేమోనని సిగ్గు.

జవాబు: చెల్లెమ్మా, ఈ ఉత్తరం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పదేళ్లు ఒకే మాట రాశారంటే ఆ కోరిక ఎంత గట్టిదో అర్థమవుతోంది. ఆ మాటకు పక్కన చేసే పని ఒక్కటి కూడా రాయకపోవడం వల్లే అది డైరీ దాటలేదు.

మీలాంటివారి కోసమే 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అదే మొదటిది. ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉంది. ఇంటర్ ఉంది కాబట్టి మీరు నేరుగా డిగ్రీలో చేరొచ్చు. తెలుగు మాధ్యమం ఉంది. తరగతులు స్టడీ సెంటర్లలో ఎక్కువగా ఆదివారాలు జరుగుతాయి. మూడేళ్ల చదువు.

మూడేళ్లు అనగానే బెదరకండి. మీ డైరీలో ఇప్పుడు రాయాల్సినవి నాలుగే. టెన్త్, ఇంటర్ మెమోలు బయటికి తీయడం. ఆధార్‌లో పేరు, మెమోలో పేరు ఒకటేనా చూడటం, పెళ్లయ్యాక ఇంటిపేరు మారి ఉంటుంది, చాలామందికి చిక్కొచ్చేది ఇక్కడే. మీకు దగ్గరలోని స్టడీ సెంటర్‌కి ఒకసారి వెళ్లి అడ్మిషన్ తేదీలు, ఫీజు అడగడం. ఇంట్లో చెప్పడం. నాలుగోది చివర పెట్టాను. కాగితాలు చేతిలో పట్టుకుని చెబితే ఎవరూ నవ్వరు.

మొదటి పని రేపు పొద్దున వంటయ్యాక పది గంటలకు చేయండి. ఆ మెమోలు బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయని మీరే రాశారు. దొరకగానే నాకు ఒక కార్డు ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను.