పేరు లేని రచయిత – పేరు నిలిపిన పాఠకులు

ఉద్దేశం

ఒక పుస్తకం బాగుందనో బాగులేదనో చెప్పడం తేలిక. ఎందుకు బాగుందో, ఎందుకు బాగులేదో పుస్తకంలోనుంచే ఆధారం చూపి చెప్పడం కష్టం. అభిప్రాయానికి విలువ తెచ్చేది ఆ ఆధారమే. చందమామ మాసపత్రికలో వెలువడిన జానపద ధారావాహికలపై పాఠకులు వెలిబుచ్చిన అభిప్రాయాలను పరిశీలించి, మంచి అభిప్రాయం ఎలా రూపొందుతుందో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పల్నాటి సీమలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. చుట్టూ పత్తి, మిరప చేలు. నేల అడుగున సున్నపురాయి. ఈ మండలంలోని గుత్తికొండ గ్రామానికి చేరువలో, కొండల నడుమ ఒక బిలం ఉంది. లోనికి పోయేకొద్దీ వెలుతురు సన్నగిల్లుతుంది. చీలిపోయే సొరంగాలు, చీకటిలో నిలిచిన నీరు చూపరులకు ఒకింత భయాన్నీ, అంతకు మించిన కుతూహలాన్నీ కలిగిస్తాయి. పల్నాటి యుద్ధం ముగిసిన తరువాత బ్రహ్మనాయుడు ఈ బిలంలోకి వెళ్లిపోయాడని ఈ ప్రాంత ప్రజలు చెప్పుకొంటారు. నీరు సున్నపురాతిని వేల ఏండ్లపాటు కరిగించడం వలన ఇటువంటి బిలాలు ఏర్పడతాయని భూగర్భశాస్త్రం చెబుతుంది. ఈ రెండు మాటలనూ విన్న విద్యార్థి దేనిని ఎక్కడ వాడుకోవాలో తెలుసుకొంటాడు. పరీక్షలో రెండవది రాస్తాడు. తమ్ముడికి రాత్రిపూట మొదటిది చెబుతాడు.

ఇటువంటి బిలాన్ని చూసిన పిల్లల చేతికి ఒకనాడు 'పాతాళదుర్గం' అనే కథ వచ్చింది. మరొక నెల 'శిథిలాలయం' వచ్చింది. వాటిని చదివినవారిలో కొందరు అవి అద్భుతమన్నారు. కొందరు అవి పిల్లలను పాడుచేస్తాయన్నారు. ఆ వాదం ఏమిటో తెలుసుకోవాలంటే ముందు ఆ కథల పుట్టుక తెలియాలి.

చందమామను 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ప్రారంభించారు. అదే నెలలో తమిళంలో 'అంబులిమామ' కూడా వెలువడింది. ఆ తరువాత పత్రిక అనేక భారతీయ భాషలకు విస్తరించింది. చక్రపాణిది తెనాలి. 1952 నుండి 1980 వరకు పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. 1952లో అదే కార్యాలయంలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం కూడా గుంటూరు జిల్లావారే. ఆయన 1932లో జన్మించారు. దేశమంతటా పిల్లలు చదివిన ఒక పత్రికకు వెన్నెముకగా నిలిచిన ముగ్గురు ఒకే జిల్లానుండి రావడం విశేషం.

1954లో దాసరి 'తోకచుక్క' అనే ధారావాహికను ప్రారంభించారు. తరువాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం వచ్చాయి. 1978లో మొదలైన 'భల్లూక మాంత్రికుడు'తో ఆ సంఖ్య పన్నెండుకు చేరింది. ప్రతి నెలా కొన్ని పుటలు మాత్రమే వచ్చేవి. వాటికి 'చిత్ర' అనే పేరుతో ప్రసిద్ధుడైన టి.వి. రాఘవన్ బొమ్మలు గీసేవారు. కథకు శీర్షిక ఉండేది. బొమ్మ కింద చిత్రకారుని సంతకం ఉండేది. రచయిత పేరు మాత్రం ఉండేది కాదు. అందువలన ఈ కథలపై పాఠకులు ఏర్పరచుకొన్న అభిప్రాయంలో రచయిత కీర్తికి చోటు లేదు. వారి ముందున్నది కథ ఒక్కటే.

ఆ కథలను మెచ్చినవారు చెప్పే మొదటి కారణం ఉత్కంఠ. ప్రతి భాగమూ ఒక ఆపద అంచున ఆగిపోయేది. కథానాయకుడు లోయలో పడబోతుండగానో, రాక్షసుని ఎదుట నిలిచి ఉండగానో 'ఇంకా ఉంది' అన్న మాట కనిపించేది. నెల పొడుగునా పిల్లలు ఆ ఆపదనుండి బయటపడే ఉపాయాలను తమలో తాము ఊహించుకొనేవారు. కొత్త సంచిక వచ్చిన నాడు తమ ఊహను రచయిత ఊహతో పోల్చి చూసుకొనేవారు. చదవడం అనే పని పుస్తకం మూసిన తరువాత కూడా సాగేది. ఎందరో పాఠకులు ఈ పుటలను విడదీసి, వరుసగా కుట్టి పుస్తకాలుగా దాచుకొన్నారు.

రెండవ కారణం స్నేహం. దాసరి కథలలో తరచు ఇద్దరు మిత్రులు కలిసి నడుస్తారు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒకరు తొందరపడితే మరొకరు ఆలోచిస్తారు. ఒకరు ఆపదలో చిక్కితే మరొకరు వెదకుతూ వస్తారు. పల్నాటి కథ తెలిసినవారికి ఇది కొత్త కాదు. బాలచంద్రుడు యుద్ధానికి ఒంటరిగా పోలేదు. వేరువేరు కులాలకు చెందిన మిత్రులు సోదరులై అతని వెంట నడిచారు. అయితే పల్నాటి కథ కారెంపూడి రణభూమిలో వీరుల మరణంతో ముగుస్తుంది. చందమామ కథలో మిత్రులు క్షేమంగా ఇల్లు చేరతారు. మొదటిది వినేవారి కంట నీరు పెట్టిస్తుంది. రెండవది చదివేవారికి ధైర్యం ఇస్తుంది. ఒకే ఊరి పిల్లలకు రెండూ అవసరమే.

మూడవ కారణం భాష. వాక్యాలు చిన్నవి. పదాలు తేటవి. అడవి, కొండ, వాగు, గుహ కంటికి కట్టినట్లుంటాయి. పాఠ్యపుస్తకం చదవడానికి బద్ధకించిన పిల్లలు ఈ పుటలతో తెలుగు చదవడం అలవాటు చేసుకొన్నారని చెప్పే పెద్దలు నేటికీ కనిపిస్తారు.

ఇక ఆక్షేపణలు. మంత్రాలు, మాయలు, భూతాలు నిండిన కథలు పిల్లలలో మూఢనమ్మకాన్ని పెంచుతాయన్నది వాటిలో ముఖ్యమైనది. ఒక కథ మరొక కథను పోలి ఉంటుందని, అడవి, మాంత్రికుడు, నిధి, రాక్షసుడు మళ్లీమళ్లీ వస్తాయని కొందరి అభిప్రాయం. సాహసమంతా యువకులదే అయిందని, ఆడపిల్లలు తమను చూసుకొనగలిగిన పాత్రలు తక్కువని మరికొందరి అభిప్రాయం. రాజ్యం ఎవరిదన్న ప్రశ్న వస్తుందిగాని, రాజు ఎందుకు అన్న ప్రశ్న రాదని ఇంకొందరు అన్నారు.

ఈ ఆక్షేపణలన్నీ ఒకే బరువు కలవి కావు. కథలు ఒకదానినొకటి పోలి ఉంటాయన్నది చాలావరకు నిజం. కాని పాత్రల స్వభావాలు, ప్రదేశాలు మారుతుంటాయి గనుక చదివినవారికి విసుగు తక్కువ. ఆడపిల్లల విషయం తోసివేయరానిది. ఆ కథలను ప్రాణంగా చదివిన బాలికలు ఎందరో ఉన్నారు. కథలో వారికి దక్కిన చోటు మాత్రం స్వల్పం. ఒక రచనను ప్రేమించినవారే దాని లోపాన్ని చెప్పినప్పుడు ఆ మాటకు బలం ఎక్కువ.

మూఢనమ్మకాల సంగతిని మరింత నిదానంగా చూడాలి. ఈ పత్రికను తీర్చిదిద్దిన కుటుంబరావు భౌతికవాది. హేతుబద్ధమైన ఆలోచనకు జీవితమంతా కట్టుబడిన రచయిత. అటువంటి వ్యక్తి చేతిమీదుగా మాంత్రికుల కథలు వెలువడడం మొదట వింతగా తోస్తుంది. కథలోనికి తొంగిచూస్తే ఆ వింత తగ్గుతుంది. తోకచుక్కలో ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికులు పరస్పరం శత్రువులు. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడికి వారిలా మంత్రం రాదు. ఉన్నవి ధైర్యం, సమయస్ఫూర్తి మాత్రమే. దాసరి కథలలో పాఠకుడు మాంత్రికుని పక్షాన కాక, మంత్రం తెలియని మనిషి పక్షాన నిలుస్తాడు. మంత్రశక్తికి లొంగిపొమ్మని ఆ కథ చెప్పదు. ఎదిరించే ఉపాయం వెదకమంటుంది. గుత్తికొండ బిలం గురించి రెండు మాటలనూ విన్న విద్యార్థివలెనే, కథ చదివే పిల్లలు కూడా కథకు, లోకానికి నడుమ ఉన్న గీతను చాలావరకు గుర్తించగలరు. ఆ గీతను చెరిపివేసేది కథ కాదు. కథను నిజమని నమ్మబలికి లాభం పొందేవారే దానిని చెరిపివేస్తారు.

ఈ వాదం తెలుగునాటికే పరిమితం కాలేదు. 1997 నుండి 2007 వరకు జె.కె. రౌలింగ్ రాసిన ఏడు హ్యారీ పోటర్ నవలలను ప్రపంచమంతటా పిల్లలు ఆసక్తితో చదివారు. మంత్రవిద్యను ఆకర్షణీయంగా చూపుతున్నాయంటూ అమెరికాలో కొందరు తల్లిదండ్రులు వాటిని గ్రంథాలయాలనుండి తొలగించాలని కోరారు. 2000 నుండి 2009 వరకు ఆ దేశంలో అత్యధిక ఆక్షేపణలకు గురైన పుస్తకాల జాబితాలో ఆ నవలలే మొదటి స్థానంలో నిలిచాయి. ఆక్షేపించినవారిలో ఎందరు పుస్తకం పూర్తిగా చదివారన్నదే అక్కడా, ఇక్కడా అడగవలసిన ప్రశ్న.

పాఠకుల ఆదరణకు చందమామ పుటలే ఒక సాక్ష్యం. రాకాసిలోయ ముగిసిన తరువాత కొంతకాలం ఆ స్థానంలో బంకించంద్రుని దుర్గేశనందిని వంటి చారిత్రక కథలు వచ్చాయి. అవి గొప్ప రచనలే. అయినా 1966లో పాతాళదుర్గంతో పత్రిక మళ్లీ దాసరి కథలవైపే మళ్లింది.

కాలం గడిచింది. ఆ కథలు చదివిన పిల్లలు పెద్దవారై ఉద్యోగాలలో స్థిరపడ్డారు. కొందరు విదేశాలకు తరలిపోయారు. పాత సంచికలను వెదకి సేకరించుకొంటూ, 'వీటిని రాసినది ఎవరు?' అని అడగసాగారు. ఆ ప్రశ్నకు జవాబుగా దాసరి సుబ్రహ్మణ్యం పేరు పదిమందికీ తెలిసింది. అర్ధశతాబ్దికి పైగా ఒకే పత్రికలో పనిచేసి 2006లో విరమించిన ఆయన, 2010 జనవరి 27న విజయవాడలో కన్నుమూశారు. తరువాతి కాలంలో ఆ ధారావాహికలు రచయిత పేరుతో పుస్తకాలుగా వెలువడ్డాయి. చందమామ ప్రచురణ 2010వ దశకంలో ఆగిపోయింది. పత్రిక ఆగినా కథ నిలిచింది. కథకుని పేరు కొత్తగా వెలుగులోకి వచ్చింది. అచ్చులో లేని పేరును పాఠకుల అభిప్రాయమే చరిత్రలో చేర్చింది.

ఒక రచన గురించి పాఠకుడు పలికే మాట గాలిలో కలిసిపోయేది కాదు. ఏ పుస్తకం మళ్లీ అచ్చు కావాలో, ఏ రచయిత గుర్తుండాలో ఆ మాటలే నిర్ణయిస్తాయి. అందుకే వాటిని చెప్పేవారికి బాధ్యత ఉంది. పుస్తకం పూర్తిగా చదవాలి. నచ్చినది ఏ సన్నివేశమో, నచ్చనిది ఏ పాత్రో చూపగలగాలి. ఎదుటివారి అభిప్రాయం తనదానికి భిన్నమైతే, వారు చూపిన ఆధారం కోసం మరొకసారి పుట తిప్పాలి. అలా తిప్పిన పుటలో తన అభిప్రాయం మారినా అది ఓటమి కాదు, చదువే.

అర్థాలు

బిలం = గుహ
ధారావాహిక = వరుసగా భాగాలుగా వెలువడే రచన
ఉత్కంఠ = ఏమి జరుగుతుందోనన్న ఆతురత
ఆక్షేపణ = తప్పుపట్టడం, అభ్యంతరం
సమయస్ఫూర్తి = అవసరానికి తగిన ఆలోచన వెంటనే తోచడం
భౌతికవాది = జగత్తుకు మూలం పదార్థమేనని భావించేవాడు

ప్రశ్నలు

1. దాసరి కథలను పాఠకులు మెచ్చుకోవడానికి గల కారణాలను వివరించండి.
2. ఆ కథలపై వచ్చిన ఆక్షేపణలలో మీరు అంగీకరించేది ఏది? అంగీకరించనిది ఏది? కారణాలు రాయండి.
3. పల్నాటి కథకు, చందమామ కథలకు గల పోలికను, భేదాన్ని తెలపండి.
4. 'అచ్చులో లేని పేరును పాఠకుల అభిప్రాయమే చరిత్రలో చేర్చింది.' – ఈ వాక్యాన్ని సమర్థించండి.
5. మీరు చదివిన ఒక అద్భుతకథపై మీ అభిప్రాయాన్ని, ఆ కథలోని రెండు సన్నివేశాలను ఆధారంగా చూపి, పదిహేను పంక్తులలో రాయండి.