ఫైర్‌వాల్‌తో స్క్రిప్టు సంభాషణ

స్లౌ ట్రేడింగ్ ఎస్టేట్ 1920లో సైనిక వాహనాల మరమ్మతు స్థలంలో ఆరంభమైనది. నేడచ్చట డేటా సెంటర్లు బారులు తీరి ఉన్నవి. ఆ వృత్తిలో అడుగిడబోవు మన పిల్లలకే ఈ పాఠం.

డేటా సెంటరుకు ద్వారపాలకుడు ఫైర్‌వాల్. తెరపై మీటలు నొక్కి దాని నియమాలను మార్చవచ్చును. కాని నలభై ఫైర్‌వాల్‌లలో ఒకే మార్పు చేయవలసి వస్తే? అందుకే తయారీదారులు వెబ్ ఏపీఐ అనే మరో వాకిలి ఉంచారు. స్వీడన్ దేశీయుడు డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో విడుదల చేసిన ఉచిత ఉపకరణం 'కర్ల్' ఒక్క ఆజ్ఞతో ఆ వాకిలి తట్టగలదు. పలు ఫైర్‌వాల్‌లు పేరు, పాస్‌వర్డ్ అందుకొని ఒక రహస్యపు తాళంచెవిని ఇస్తాయి. తరువాతి అభ్యర్థనలన్నింటిలో దానినే చూపవలెను.

చిక్కంతా ఇక్కడనే. కొత్త ఫైర్‌వాల్ తన ధ్రువపత్రంపై సాధారణంగా తానే సంతకం చేసుకొని వస్తుంది. కర్ల్ దానిని నమ్మదు, ఆగిపోతుంది. తొందరలో చాలామంది 'ఇన్‌సెక్యూర్' అను ఐచ్ఛికాన్ని చేర్చి ముందుకు సాగుతారు (ఈ వ్యాసకర్తయు ఒకప్పుడు అదే చేసెను). అప్పుడు సంభాషణ గుప్తంగానే సాగును. అవతలివారెవరో మాత్రం తెలియదు. నడుమ ఎవడైనా ఫైర్‌వాల్‌గా నటిస్తే, కోట తాళాలు వాని చేతికే!

ఆ ధ్రువపత్రాన్ని నమ్మకమైన మార్గంలో తెచ్చుకొని, 'సీఏసెర్ట్' ఐచ్ఛికంతో కర్ల్‌కు చూపుటయే సరియైన పద్ధతి. పాస్‌వర్డును ఆజ్ఞలోనే వ్రాయరాదు. అది షెల్ చరిత్రలో నిలిచిపోవచ్చును. యజమాని మాత్రమే చదవగల ఫైలులో ఉంచవలెను. తొలి అభ్యాసానికి, మార్పులు చేయలేని, చదువుటకు మాత్రమే హక్కుగల ఖాతా చాలును.